యుద్ధం - దాని పర్యవసానాలు : మా న్యాల్‌కల్ సర్కిలు సంగతి

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు కబురు చేశారు. అదే వారంలో మా మనుమరాలికి బడిలో "యుద్ధం, దాని ప్రభావాలు" అని ఒక పేరా వ్రాసుకు రమ్మన్నారు. కురుక్షేత్రంతో మొదలుపెట్టి హిరోషిమాతో ముగించింది. బాగానే వ్రాసింది. కాని మన ఇంటికి పది పదిహేను కిలోమీటర్ల దూరంలో, మనం రోజూ బస్సెక్కే సడక్ మీద యుద్ధం నడిచిందని ఆ పిల్లకు తెలియదు. పిల్లను అని ఏం లాభం, ఎవరైనా చెప్తేనే గదా తెలిసేది. అందుకని ఆ సంగతే వ్రాస్తున్నాను.

నేను అన్నది 1948 సెప్టెంబరు యుద్ధం. దానికి సర్కారు పెట్టిన పేరు పోలీసు చర్య. సైన్యం వాళ్ళ పేరు ఆపరేషన్ పోలో. మన ఊళ్ళలో హిందువూ ముసల్మానూ అందరూ అనేది "పోలీస్ యాక్షన్". ట్యాంకులతో ఆర్మర్డ్ డివిజన్ నడిచిన దానికి పోలీసు పేరు ఎందుకంటే, ఇది పరదేశంతో యుద్ధం కాదు, ఇంటిలోపలి వ్యవహారం అని ప్రపంచానికి చెప్పవలసి ఉండింది. అప్పటికే నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసి ఉన్నది. నలభై ఏళ్ళు ఫైళ్ళు మోసిన వాణ్ణి కనుక చెప్తున్నాను, ఫైలు పైన హెడ్డింగ్ ఏది పెడితే లోపలి విషయం ఆ దారినే పోతుంది. పోలీసు చర్య అని పేరు పెట్టినందున యుద్ధంలో లెక్క పెట్టవలసినవి చాలా లెక్కలోకి రాలేదు.

ముందుగా మా ప్రాంతం అప్పుడు ఎక్కడ ఉండేదో చెప్పాలి. ఇప్పటి వాళ్ళు న్యాల్‌కల్ అంటే సంగారెడ్డి జిల్లా అంటారు. 2016కు ముందు మెదక్ జిల్లా. 1956 నవంబరు 1కి ముందు ఈ రెండూ కాదు, మాది బీదర్ జిల్లా. అందులోనూ జహీరాబాదు తాలూకా కాదు. న్యాల్‌కల్ సర్కిలు బీదర్ తాలూకాలోనే ఉండేది. కచేరీ, కోర్టు, దవాఖానా, బజారు అన్నీ బీదర్‌కే. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, కచేరీలో ఉర్దూ. కొందరు మరాఠీ కూడా మాట్లాడేవారు. ఇది గుర్తు పెట్టుకుంటే తర్వాత చెప్పబోయేది అర్థమవుతుంది.

రెండవ ప్రపంచయుద్ధం మా పల్లెలకు బాంబుల రూపంలో రాలేదు. విశాఖపట్నం, కాకినాడ మీద 1942 ఏప్రిల్‌లో బాంబులు పడ్డాయి గాని ఇక్కడ పడలేదు. ఇక్కడికి అది లెవీ గల్లా రూపంలో వచ్చింది. పండిన జొన్నలో ఇంత అని ఎకరా లెక్కన సర్కారుకు కొలవాలి. పండినా ఎండినా కొలవాలి. గ్యాస్ నూనె లేదు, గుడ్డ లేదు. మా నాయిన ఒక ధోవతి రెండు ముక్కలు చేసి మూడేళ్ళు కట్టానని చెప్పేవాడు. అంటే 1948 నాటికే రైతు కడుపు కాలి ఉన్నది.

1947 నవంబరు 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం కుదిరింది. ఒప్పందం కాగితం మీద ఉండిపోయింది. లాతూరు వకీలు కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. ఇవతల స్టేట్ కాంగ్రెస్ వాళ్ళు సరిహద్దు అవతల క్యాంపులు పెట్టి కరోడ్‌గిరి నాకాల మీద, ఠాణాల మీద దాడులు చేశారు. మధ్యన నలిగినవి పల్లెలు. 1948 మేలో ఇదే బీదర్ జిల్లాలో గోర్టా గ్రామం మీద రజాకార్లు పడి సుమారు రెండు వందల మందిని చంపారని చెప్తారు. ఆ వార్త చుట్టుపక్కల ఊళ్ళకు పాకి, బండ్లు కట్టుకుని జనం సోలాపురం వైపు నడిచారు. చేను విడిచి, గొడ్డు విడిచి, ముసలివాళ్ళను విడిచి పోయిన వాళ్ళున్నారు. రజాకార్లకు ఎదురు నిలిచిన ముసల్మానులూ ఉన్నారని మరువకూడదు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని వ్రాసిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలోనే చంపారు.

ఇక యుద్ధం. సెప్టెంబరు 13 తెల్లవారుజామున మొదలైంది. రెండు దినాల ముందే కరాచీలో జిన్నా చనిపోయాడు. ప్రధాన సైన్యం మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి కింద సోలాపురం నుంచి హైదరాబాదు సడక్ పట్టుకుని వచ్చింది. తూర్పున బెజవాడ నుంచి మరో దళం కదిలింది. మొదటి రోజునే నల్‌దుర్గ్ వంతెన పేల్చకముందే చేతికి చిక్కింది. బీదర్, వరంగల్ విమానాశ్రయాల మీద విమానాలు దాడి చేశాయి. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలటు కరాచీ నుంచి దొంగచాటుగా ఆయుధాలు తెచ్చి దించిన చోట్లలో బీదర్ ఒకటి. మా అమ్మ అప్పుడు కొత్త కోడలు. విమానం మోత వినడం అదే మొదలు అని, రోటికాడ జొన్నలు వదిలేసి కోడళ్ళందరూ గాదె కింద దూరారని చెప్పి నవ్వేది.

సెప్టెంబరు 16న ఒక దళం జహీరాబాదు మీదికి నడిచింది. దారిలో మందుపాతరలు పెట్టి ఉంటే వాటిని తీసేదాక ఆగవలసి వచ్చింది. బీదర్ సడక్ హైదరాబాదు సడక్‌లో కలిసే చోట చాటునుంచి తుపాకులు పేలాయి. అక్కడ కొంతమందిని ఉంచి, మిగతా సైన్యం చీకటి పడేసరికి జహీరాబాదు దాటి పదిహేను కిలోమీటర్లు పోయింది. ఎదిరించిన వాళ్ళలో ఎక్కువమంది రజాకార్లే. ఫిరంగులు తెచ్చాక వాళ్ళు నిలవలేదు. 17 పొద్దున సైన్యం బీదర్ పట్నంలో ప్రవేశించింది. అదే సాయంత్రం నిజాం రేడియోలో లొంగుబాటు చెప్పాడు. మరునాడు నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయాడు. మొత్తం ఐదు దినాలు. భారత సైన్యంలో చనిపోయిన వారు వందకు లోపే. యుద్ధ చరిత్రలు వ్రాసేవారు ఇక్కడితో ముగిస్తారు.

పల్లెల్లో ఇక్కడ మొదలైంది. 17 తర్వాత కొన్ని వారాల పాటు రజాకార్ల మీద కోపం రజాకారు కాని వాడి మీద పడింది. టోపీ పెట్టినవాడల్లా రజాకారే అయ్యాడు. సంగతి ఢిల్లీకి చేరితే ప్రధాని నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైన వారు నవంబరు చివర నుంచి డిసెంబరు 21 దాక సంస్థానంలో తిరిగారు. 16 జిల్లాల్లో 9 చూశారు. వారు ఇచ్చిన నివేదికలో రాష్ట్రం మొత్తం మీద తక్కువలో తక్కువ 27 నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. అందులో ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదర్, నాందేడు - ఈ నాలుగు జిల్లాల్లోనే 18 వేలకు తక్కువ కాదన్నారు. మెదక్, నల్లగొండ, ఔరంగాబాదు, బీడ్ నాలుగూ కలిపి కనీసం 5 వేలు. ఈ అంకెలను సర్దార్ పటేల్ ఒప్పుకోలేదు. నివేదికను ప్రభుత్వం అచ్చు వేయలేదు. 2013లో ఏ.జి. నూరాని హైదరాబాదు గురించిన తన పుస్తకంలో దానిని చేర్చాక చాలామంది చదవగలిగారు. అంకె ఎక్కువా తక్కువా అని వాదించే వాళ్ళు ఇప్పటికీ వాదిస్తారు. నా మట్టుకు నాకు, అంచనాలోనే 27కూ 40కీ మధ్య 13 వేల మంది తేడా ఉండడమే ఆలోచించవలసిన సంగతి. సైన్యంలో చనిపోయిన ప్రతి జవానుకూ ఒక నంబరు ఉంటుంది, అప్పట్లో ఇంటికి తారు పోయేది. పల్లెలో పోయినవాడికి అది లేదు.

అదే నివేదికలో మరొక మాట ఉంది. దాన్ని ఎవరూ ఎత్తి చెప్పరు. చాలా చోట్ల హిందువులు తమ ప్రాణం పోయినా సరే అని పొరుగు ముసల్మానులను కాపాడారట. ఒకే వృత్తి చేసుకునే వాళ్ళ మధ్య ఇది మరీ కనిపించిందట. సాలెవాళ్ళు సాలెవాళ్ళను కాపాడుకున్నారు. మా ఇంటి వెనక పశువుల కొట్టంలో ఒక కుటుంబం పదకొండు దినాలు ఉన్నదని మా అమ్మ చెప్పేది. రాత్రి గడ్డి మోపులో రొట్టెలు పెట్టి తీసుకుపోయేదట. మా నాయిన మాత్రం ఆ సంగతి నోటెత్తేవాడు కాదు. అడిగితే "అప్పటి ముచ్చట ఇప్పుడెందుకు" అని లేచిపోయేవాడు.

అది పెసర్లు తెంపే కాలం. వానకారు జొన్న నిలువెత్తు నిలబడి ఉంటుంది కనుక దాక్కున్న వాళ్ళందరూ జొన్న చేలలోనే దాక్కున్నారు. వెతికిన వాళ్ళూ అక్కడే వెతికారు. తర్వాత వచ్చేది రబీ అదను. నల్లరేగట్లో తెల్లజొన్న, శనగ, కుసుమ వేయాలి. ఎడ్లు లేవు, మనుషులు లేరు, ఉన్నవాళ్ళకు చేలోకి పోవడానికి భయం. ఆ ఏడు మా సర్కిల్లో చాలా భూములు పడావు పడ్డాయని పెద్దలు చెప్పేవారు. ఊరికి వచ్చే కళాయి సాయబు రెండేళ్ళు రాలేదు, ఇత్తడి గిన్నెల్లో చింతపులుసు వండుకోలేకపోయాం అని మా అమ్మ అనేది. దూదేకే వాళ్ళు రాక చలికాలం పాత బొంతలే. యుద్ధం ఫలితం అంటే ఇవి కూడా.

ఇప్పుడు నేను స్వయంగా చూసిన విషయం చెప్తాను. నేను 1950లో పుట్టాను. తారీఖు ఎవరికీ తెలియదు. "పోలీస్ యాక్షన్ అయిన రెండో ఏడు, ఎండాకాలం" అని మా అమ్మ అంటే పంతులు గారు లెక్కగట్టి వేశారు. ఆ లెక్క మీదనే సర్కారు నాకు ఉద్యోగమూ పించనూ ఇచ్చింది. 1970ల్లో నేను పనిచేసిన ఒక తాలూకా కచేరీకి యాభై ఏళ్ళ వయసున్న ముసల్మాను స్త్రీ, ఆమె కొడుకు విరాసత్ దరఖాస్తు తెచ్చారు. భర్త పేరున ఐదెకరాల చిల్లర పట్టా. భర్త చనిపోయిన తేదీ అనే గడిలో పల్లె పంతులు చేత "పోలీస్ యాక్షన్" అని వ్రాయించుకొచ్చారు. తేదీ కావాలన్నాం.

"చేన్ల పెసర్లు ఉన్నయని పోయిండు సారూ. మళ్ల రాలే. తారీకు నాకేం తెలుస్తది?" అన్నది ఆమె.

ఆ గ్రామం జనన మరణ రిజిస్టరు తెప్పించి చూస్తే ఆ రెండు మూడు నెలల పేజీలు ఖాళీ. ఆ రిజిస్టరు వ్రాయవలసినవాడు పోలీసు పటేలు. ఆయన పరారీలో ఉంటే ఎవరు వ్రాస్తారు? చివరకు గిర్దావరు గారు ఊళ్ళోకి పోయి అయిదుగురు పెద్దల చేత పంచనామా చేయించి, చనిపోయిన సంవత్సరం 1357 ఫసలీ అని నమోదు చేశారు. అది ఒక్కటే ఆ మనిషి చనిపోయినట్టు సర్కారు కాగితంలో ఉన్న ఆధారం. ఆయన పోయిన ఇరవై ఏడేళ్ళకు వ్రాసినది.

చిక్కు అక్కడితో తీరలేదు. మనలో రెవెన్యూ వాళ్ళకు 1954-55 ఖాస్రా పహాణీ విలువ చెప్పనక్కరలేదు. తెలంగాణాలో భూమి తగాదా ఏదైనా చివరకు అక్కడికే వచ్చి నిలుస్తుంది. ఈ భూమికి ఖాస్రాలో పట్టాదారు గడిలో భర్త పేరే ఉంది, కబ్జాదారు గడిలో వేరే రైతు పేరు ఉంది. ఆ రైతును పిలిపించారు. ఆయన చెప్పిన వాంగ్మూలం వ్రాసుకున్నది నేనే. రజాకార్ల భయానికి ఆషాఢంలో సోలాపురం దిక్కు పోయినామని, తిరిగి వచ్చేసరికి తమ ఎడ్లు లేవు, ఇల్లు కాలి ఉన్నదని, ఈ భూమి పడావు ఉంటే దున్నుకోమని అప్పటి పట్వారీ చెప్పాడని, పాతికేళ్ళుగా సిస్తు కట్టింది తానే అని చెప్పాడు. రసీదులు ఉన్నాయి. ఆ స్త్రీ ఐదేళ్ళు అన్నగారి ఊళ్ళో ఉండి తిరిగి వచ్చింది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. పెద్దలు కూర్చుని రెండెకరాలు ఆమె కొడుకు పేరున విరాసత్ చేసేట్టు రాజీ చేశారు. మిగతాది ఆ రైతుకే ఉండిపోయింది. సంతకాలు అయ్యాక ఇద్దరూ ఒకే బండిలో ఊరికి పోయారు. ఊరికి మరో బండి లేదు మరి.

ఇట్లాంటి ఫైళ్ళు ఒకటి కాదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌల్దారీ చట్టం వచ్చింది, రక్షిత కౌలుదార్లకు హక్కులు వచ్చాయి. ఇవన్నీ మంచి పనులు. మా ప్రాంతంలో తరతరాలుగా దున్నినవాడికి మొదటిసారి కాగితం దొరికింది అప్పుడే. నిజాం పాలన పోవడం వల్ల జరిగిన మేలును కాదనడం న్యాయం కాదు. కాని ఆ కాగితాలు తయారైన కాలంలో ఊళ్ళో ఉన్నవాడి పేరు ఎక్కింది, లేనివాడి పేరు పోయింది. ఎందుకు లేడు అని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు.

ఉద్యోగుల సంగతి మన పత్రికలో వ్రాయకపోతే బాగుండదు. నిజాం సైన్యాన్ని రద్దు చేశారు. వేలమంది సిపాయిలు ఒక్కసారిగా ఇంటికి వచ్చారు. కచేరీల్లో పాతవాళ్ళు చాలామంది పోయారు. మద్రాసు, బొంబాయి, మధ్యపరగణాల నుంచి అధికారులు వచ్చారు. ఉర్దూలో మిసల్ వ్రాసి తలపండిన గుమాస్తా ఒక్క రాత్రిలో చదువురానివాడి కింద లెక్క అయ్యాడు. నా మొదటి సెక్షన్ హెడ్ గారు అట్లాంటి మనిషే. ఇంగ్లీషు నోట్ ఫైలు ముందు పెట్టుకుని, ముందు ఉర్దూలో చిత్తు వ్రాసుకుని, తర్వాత కూడబలుక్కుని మార్చేవారు. స్థానికులకు రావలసిన ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయని 1952లో ముల్కీ ఆందోళన లేచి హైదరాబాదులో కాల్పుల దాక పోయింది. దాని మూలాలు 1948లోనే ఉన్నాయి. ఇక జీతాల లెక్క. హాలీ సిక్కా రూపాయలు ఏడు పెడితే కల్దారు ఆరు. వంద కల్దారుకు హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైసలు. ఈ అంకె మా హెడ్ గారు నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. 1959లో హాలీ సిక్కా చెలామణీ పూర్తిగా ఆగిపోయింది.

తర్వాత 1956. రాష్ట్రాల పునర్విభజన చట్టంలో బీదర్ జిల్లాను మూడు ముక్కలు చేశారు. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయికి. బీదర్, భాల్కి, హుమ్నాబాదు, ఔరాద్ మైసూరుకు. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిలు తీసివేసిన జహీరాబాదు తాలూకా, బీదర్ తాలూకాలోంచి విడదీసిన మా న్యాల్‌కల్ సర్కిలు ఆంధ్రప్రదేశ్‌కు. మాకు మెదక్ జిల్లా వచ్చింది. రేపటి దినం నుంచి కచేరీ సంగారెడ్డి. తెలుగు మాట్లాడే వాళ్ళం తెలుగు రాష్ట్రంలో కలిశాం, సంతోషమే. అయితే 1948 సంగతి అడిగితే మేము ఎవరి లెక్కలోనూ లేము. మెదక్ చరిత్ర వ్రాసేవారు బీదర్ జిల్లా వాళ్ళు కదా అని మమ్మల్ని విడిచిపెడతారు. బీదర్ వాళ్ళు తెలంగాణా వాళ్ళు కదా అని విడిచిపెడతారు. సుందర్‌లాల్ గారు బీదర్ అని వ్రాసిన అంకెలో మా పల్లెల వాళ్ళు కూడా ఉన్నారని జ్ఞాపకం చేసేవారు లేరు.

సెప్టెంబరు 17 వస్తే పత్రికల్లో వాదం చదువుతుంటాం. విమోచన అని ఒకరు, విలీనం అని ఒకరు, విద్రోహం అని మరొకరు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అన్నది, కేంద్రం విమోచన దినం అన్నది. 2024లో ప్రజాపాలన దినోత్సవం అన్నారు. గోర్టాలో 2023 మార్చిలో స్మారకం, పెద్ద జెండా ప్రారంభించారు. అది కావలసిందే, ఇంకా ముందే కావలసింది. కాని మే నెలలో పోయినవాళ్ళను తలచుకునేవారు సెప్టెంబరులో పోయినవాళ్ళను తలవరు, సెప్టెంబరు వాళ్ళను తలచేవారు మే నెల ఎత్తరు. మా సర్కిల్లో ఈ రెండు దుఃఖాలూ ఒకే గట్టుకు ఇటూ అటూ ఉన్నాయి. ఒకే సర్వే నంబరులో ఉన్నాయని పైన చెప్పిన ఫైలే సాక్ష్యం. రెండింటినీ ఒకే రిజిస్టరులో వ్రాయడానికి ఏ పేరూ అడ్డం రానక్కరలేదని నా అభిప్రాయం. సభ్యులలో ఒప్పుకోని వారు ఉండవచ్చు, వారూ వ్రాయాలి.

ఒక మనవి. 1948 చూసి ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎనభై అయిదు దాటి ఉంటారు. మన సభ్యుల ఇళ్ళలో తల్లులో, మేనత్తలో, పెద్దమ్మలో అట్లాంటి వారు ఉంటే వారు చెప్పినది ఊరి పేరు, చేను పేరుతో సహా కాగితం మీద పెట్టండి. పాత ట్రంకు పెట్టెల్లో ఆనాటి సిస్తు రసీదులు, ఉర్దూ పహాణీ నకళ్ళు ఉంటే పారవేయవద్దు. షికస్తా వ్రాత చదవగలిగిన వారు మన సంఘంలో నాకు తెలిసి ముగ్గురే మిగిలారు. ముగ్గురికీ చూపు మందగిస్తున్నది. ఆదివారం పూట నేను ఇంట్లోనే ఉంటాను. కాగితాలు తెస్తే వారి దగ్గరికి నేనే తీసుకుపోయి చదివించి, తెలుగులో వ్రాసి, మళ్ళీ భద్రంగా మీ చేతికి ఇస్తాను.